మగ్గం ఎందుకు ఆగింది: మునుగోడు ప్రాంతపు ఇక్కత్ యూనిట్‌లో రెండేళ్ల పని

2022 వేసవి చివర్లో, చౌటుప్పల్ నుంచి సంస్థాన్ నారాయణపురం మీదుగా మునుగోడు వైపు వెళ్లే దారిలోని ఒక ఊరి మాస్టర్ వీవర్ నాకు కబురు చేశారు. నేతగాళ్లు సేటు అని పిలిచే ఆయన కింద 26 మగ్గాలు ఇక్కత్ చీరలు, అంటే దారానికి ముందే కట్లు కట్టి రంగులు వేసి నేసే చీరలు, నేస్తున్నాయి. అన్నీ నేతగాళ్ల ఇళ్లలోనే ఉంటాయి. పట్టు, నూలు, డిజైను ఆయన ఇస్తారు, చీరకు ఇంతని మజూరీ కట్టి చీర తీసుకుంటారు. చిన్న పరిశ్రమలకు ఉత్పత్తి నిర్వహణలో సలహా ఇవ్వడం నా వృత్తి. మగ్గాల సంఖ్య తగ్గలేదు, ఆర్డర్లు తగ్గలేదు, అయినా నెలకు దిగే చీరలు తగ్గుతున్నాయన్నది ఆయన నా ముందు పెట్టిన సమస్య. కారణమూ ఆయనే తేల్చుకొని ఉన్నారు. మగవాళ్లు మగ్గం మీద కుదురుగా కూర్చోవడం లేదని, పెళ్లి పేరు చెప్పి రెండు రోజులు, బోనాల పేరు చెప్పి మూడు రోజులు మాయమవుతున్నారని, హాజరు పట్టీ ఒకటి పెట్టి నాలుగు కట్టుబాట్లు చేస్తే అంతా దారిలో పడుతుందని ఆయన నమ్మకం.

నేను కూడా మొదటి రెండు నెలలు అదే నమ్మాను. నేత ఇంట్లో పుట్టి, ఆసు పోసి పోసి (నేతకు ముందు దారాన్ని చట్రం మీద చేత్తో వరుసలుగా తిప్పి తిప్పి) భుజం పట్టేసిన తల్లిని చూస్తూ పెరిగిన నాకు ఆ మాట తప్పని తట్టడానికి రెండు నెలలు పట్టడం ఈ కేసులో నాకు అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించే విషయం. అందువల్ల ముందు దాని సంగతే రాస్తున్నాను.

హాజరు పట్టీ

ప్రతి మగ్గం ఇంటికీ ఒక పుస్తకం ఇచ్చాము. పొద్దున ఎన్నింటికి మగ్గం ఎక్కారు, ఎన్నింటికి దిగారు అని నేతగాడు రాసుకోవాలి, వారానికోసారి మాస్టర్ వీవర్ గుమస్తా వచ్చి చూసుకుపోవాలి. మొదటి నెలలో పుస్తకాలన్నీ నిండుగా ఉన్నాయి, చీరలు మాత్రం అంతే ఉన్నాయి. రెండో నెలలో కొన్ని ఇళ్లలో వారం మొత్తానికీ ఒకే కలంతో, ఒకే చేతిరాతతో, ఆదివారం సాయంత్రం కూర్చుని నింపినట్టు స్పష్టంగా కనిపించింది. అబద్ధం రాసినవాళ్లను నేను తప్పు పట్టను. ముక్క మజూరీకి పనిచేసే మనిషిని గంటల లెక్క అడగడమే అసంబద్ధం, ఎందుకంటే అతను మగ్గం ఎక్కని గంటకు నష్టపోయేది ముందుగా అతనే. కూర్చోకపోవడానికి అతనికి బలమైన కారణం ఏదో ఉండి తీరాలి, ఆ కారణాన్ని అడగడానికి మా పుస్తకంలో గడే లేదు.

ఆ ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఒక ఇంటికి వెళ్లాను. నేతగాడు గుంట మగ్గం అంచున కాళ్లు లోపలికి వేలాడేసి కూర్చున్నాడు. పడుగు (నిలువు దారం) బిగించే ఉంది, పేకను (అడ్డదారాన్ని) తీసుకుపోయే నాడె పక్కన పెట్టి ఉంది, అచ్చు కదలడం లేదు. ఎందుకు ఆపావని అడిగితే, లోపలి గది వైపు చూపించి, "పేక లేదు సార్. ఆసు కాలే. ఆమెకు చెయ్యి లేస్తలేదు" అన్నాడు. లోపల అతని భార్య గోడకు ఆనించిన ఆసు ముందు నిలబడి ఉంది. కుడి భుజానికి కాపడం పెట్టిన గుడ్డ కట్టుకొని, ఎడమ చేత్తో పోస్తోంది. ఎడమ చేత్తో పోస్తే దారం బిగువు ఒకేలా రాదు, బిగువు రాకపోతే మార్కింగ్ (డిజైను కోసం దారం మీద పెట్టే గుర్తులు) పక్కకు తప్పుతుంది, మార్కింగ్ తప్పితే మగ్గం మీద పువ్వు అంచులు చెదురుతాయి. ఆ ఇంటి పుస్తకంలో ఆ రోజు "8 నుంచి 6 వరకు" అని రాసి ఉంది.

పని ఎక్కడ మొదలవుతుంది

ఇక్కత్‌లో మగ్గం మీద జరిగేది చివరి ఘట్టం. పేక ఇక్కత్ అయితే దారాన్ని ముందు ఆసు మీద పోయాలి. ఆసు ఒక అర్ధచంద్రాకారపు చట్రం. ఒక కొసన ఒకే మేకు ఉంటుంది, ఎదురుగా వంపు మీద మేకుల వరుస ఉంటుంది. చేయి ఆ ఒంటి మేకు నుంచి వంపుకు, వంపు నుంచి మళ్లీ మేకుకు దారాన్ని తీసుకుపోతూ ఉండాలి. ఒక చీరకు ఇలా దాదాపు 9,000 సార్లు చేయి ఆడాలి, దానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆ తర్వాత డిజైను ప్రకారం మార్కింగ్, సైకిల్ ట్యూబు రబ్బరును సన్నగా కోసిన పట్టీలతో కట్లు, మొదటి రంగు, కొన్ని కట్లు విప్పి కొన్ని కొత్తగా కట్టి రెండో రంగు, ఆరబెట్టడం జరుగుతాయి. ఆ పైన ఆసు మీద పోసిన వరుసలోనే దారాన్ని రాట్నం మీద కండెలకు (నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు) చుట్టి, ఆ కండెలను వరుస తప్పకుండా ఒక తాడుకు గుచ్చి మగ్గం దగ్గరికి చేరుస్తారు. గుచ్చడంలో ఒక్క కండె అటూ ఇటూ అయితే ఏనుగు తొండం పోయి చిలుక తోకకు అతుక్కుంటుంది.

మా ప్రాంతంలో మగ్గం మీద కూర్చునేది ఎక్కువగా మగవాళ్లు. ఆసు పోయడం, కండెలు చుట్టడం పూర్తిగా, కట్లు కట్టడంలో చాలా భాగం ఆడవాళ్ల చేతుల మీదుగా నడుస్తాయి. 2019–20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన దేశంలో చేనేత పనివాళ్లు 35.22 లక్షల మంది అని, వాళ్లలో సుమారు 72 శాతం మహిళలని తేల్చింది. మా మాస్టర్ వీవర్ ఖాతా పుస్తకంలో మాత్రం 26 పేర్లూ మగవాళ్లవే. ఆసుకు వేరే మజూరీ అంటూ లేదు, అది చీర మజూరీలో "కలిసే ఉంటుంది". కలిసి ఉన్నది ఎంత అని అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు, నేతగాళ్లు కూడా చెప్పలేకపోయారు.

ఈ లెక్కలేనితనానికి ఇంటి బయట కూడా ఫలితాలు ఉన్నాయి. ఉదాహరణకు తెలంగాణ ప్రభుత్వం 2017లో తెచ్చిన నేతన్నకు చేయూత పొదుపు పథకంలో కార్మికుడు తన కూలిలో 8 శాతం జమ చేస్తే ప్రభుత్వం 16 శాతం కలిపేది, నేతగాళ్లతో పాటు అనుబంధ పనులు చేసేవాళ్లకూ అది వర్తించేది. అయితే కూలి తీసుకున్నట్టు ఎక్కడా కాగితం లేని మనిషి ఏ కూలిలో 8 శాతం చూపిస్తుంది?

రంగు దారాలు

హాజరు పుస్తకాలు వెనక్కి తీసుకున్నాము. వాటికి బదులు ప్రతి మగ్గం పక్క గోడకు ఒక మేకు కొట్టి, తెగిపోయిన రంగు దారం ముక్కలు కొన్ని ఇచ్చి, మగ్గం పూట సేపు ఆగితే ఆగిన కారణాన్ని బట్టి ఒక ముక్క మేకుకు కట్టమన్నాము. పేక లేకపోతే ఎరుపు, పడుగు తెగినా అచ్చు పాడైనా పసుపు, ఒంట్లో బాగా లేకపోతే ఆకుపచ్చ, ఊరు వెళ్తే నీలం, కరెంటు పోయి చీకటైతే నలుపు. రాయడం రానివాళ్లకు ఇబ్బంది లేదు, రాయడం వచ్చినవాళ్లకు బొంకే అవసరం లేదు, ఎందుకంటే ఎవరి మీదా తప్పు పడదని ముందే చెప్పాము. ఆ మాటను మాస్టర్ వీవర్ చేత నలుగురిలో చెప్పించడానికి నాకు పది రోజులు పట్టింది.

ఆరు వారాల తర్వాత మేకులన్నీ విప్పి ఆయన ఇంటి అరుగు మీద దారాలను రంగుల వారీగా కుప్పలు పోశాము. నీలం కుప్ప ఉంది, చిన్నదేమీ కాదు, పెళ్లిళ్ల కాలం కదా. కానీ ఎర్ర కుప్ప మిగతా నాలుగు కుప్పలనూ కలిపినా వాటికంటే పెద్దగా ఉంది. ఆయన దాన్ని కాసేపు చూసి, "అంటే వీళ్లు కూసోక కాదు, కూసుంటే నేసేటందుకు లేక" అన్నారు. రెండు నెలలు నేను చెప్పలేకపోయిన విషయాన్ని గుప్పెడు దారం చెప్పింది. నా కంప్యూటర్‌లో ఇదే లెక్క పట్టికగా ఉండేది, అది ఆయనను ఇంతగా కదిలించి ఉండేది కాదని నా అనుమానం.

ఎర్ర దారం వెనక రెండు కారణాలు ఉన్నాయని తర్వాత ఇంటింటికీ తిరిగితే తెలిసింది. ఒకటి ఆసు, రెండు రంగు. మొదటిది భుజాల సమస్య, రెండోది నీళ్ల సమస్య.

ఆసు, మజూరీ, పేరు

ఆసు పోసే యంత్రం కొత్త విషయం కాదు. ఆలేరు మండలం శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి ప్రయత్నించి 1999లో లక్ష్మి ఆసు యంత్రాన్ని తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చేత్తో నాలుగైదు గంటలు పట్టే చీర ఆ యంత్రం మీద గంటన్నరలో అవుతుంది. అలాంటి యంత్రం పుట్టిన ఉమ్మడి జిల్లాలోనే, ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ ఊళ్లో 26 మగ్గాలకు రెండే యంత్రాలు ఉండడం నాకు ఆశ్చర్యం కలిగించింది. మాస్టర్ వీవర్ అటు మగ్గాలకు అప్పులిచ్చారు, జకార్డ్ పెట్టెలు కొనిచ్చారు, ఆసు యంత్రం మాత్రం "వాళ్ల ఇంటి పని" అని వదిలేశారు. తన ఖర్చులో లేని శ్రమను ఆదా చేయడానికి ఏ యజమానీ డబ్బు పెట్టడు. ఈ కేసు మొత్తంలో నాకు కీలకంగా తోచిన సంగతి ఇదే: ఆసుకు మజూరీ లేకపోవడం వల్లనే ఆసుకు యంత్రం రాలేదు, యంత్రం రాకపోవడం వల్లనే మగ్గం ఆగింది.

కాబట్టి యంత్రం కంటే ముందు మజూరీని వేరు చేయాలని పట్టుబట్టాను. ఇక్కడ నేను రెండో పొరపాటు చేశాను. చీర మజూరీ పెంచకుండా అందులోంచే ఆసుకు, కండెలకు కొంత భాగం తీసి, దాన్ని ఆడవాళ్ల పేరుతో వాళ్ల చేతికే ఇవ్వమన్నాను. కాగితం మీద ఇంటికి వచ్చే డబ్బు అంతే, కానీ నేతగాడి చేతికి వచ్చేది తగ్గింది. మొదటి శనివారం నాలుగు ఇళ్లలో గొడవలయ్యాయి, ఒక ఇంట్లో ఆమె డబ్బును తిరిగి భర్త చేతిలో పెట్టాకే ఆ రాత్రి పొయ్యి వెలిగిందని మర్నాడు నాకు తెలిసింది. "మా పైసలు మాకే తిప్పి ఇచ్చి మా ఇంట్ల పంచాయితీ పెడితిరి" అని ఒక పెద్దమ్మ మొహం మీదే అడిగింది, ఆమె మాటకు నా దగ్గర జవాబు లేదు.

మూడు సాయంత్రాలు ఆడవాళ్లతో, మూడు సాయంత్రాలు మగవాళ్లతో, విడివిడిగా కూర్చున్నాము. చివరికి చీర మజూరీని ఉన్నది ఉన్నట్టే ఉంచి, ఆసు మజూరీని దాని మీద అదనంగా ఇవ్వడానికి మాస్టర్ వీవర్ ఒప్పుకున్నారు. ఎర్ర కుప్ప సగానికి తగ్గినా ఆ అదనపు ఖర్చు తిరిగి వచ్చేస్తుందని లెక్క వేసి చూపించాక కూడా ఆయన ఆరు నెలలకే ఒప్పుకున్నారు, శాశ్వతంగా కాదు. ఖాతా పుస్తకంలో రెండో వరుస గీశారు. ఆసు, కండెలు ఎవరు చేస్తే ఆ మనిషి పేరు, తీసుకున్న చీరల లెక్క, సంతకం లేదా వేలిముద్ర.

దాని తర్వాతే యంత్రాలు వచ్చాయి. వాటన్నిటినీ ఒకే షెడ్డులో పెట్టాలన్నది నా ఆలోచన, ఆడవాళ్లు దాన్ని ఒప్పుకోలేదు. పొయ్యి మీద అన్నం పెట్టి, పసిపిల్లను ఉయ్యాలలో వేసి, మధ్యమధ్య చేసే పని అది. షెడ్డుకు రమ్మంటే మూడు గంటలు ఇల్లు వదిలి రావాలి. అందుకని నాలుగైదు ఇళ్లకు ఒక యంత్రం చొప్పున, ఆ వాడకట్టులో వెలుతురు, కరెంటు బాగా ఉన్న ఇంట్లో పెట్టించాము.

పేరు, మజూరీ వేరయ్యాక నేను ఊహించనిది ఒకటి జరిగింది. ఊళ్లో భర్త పోయిన ఆడవాళ్లు కొందరు ఉన్నారు. భర్త ఉన్నన్నాళ్లూ ఆసు పోసి, కండెలు చుట్టి, కట్లు కట్టినవాళ్లే. అతను పోయి మగ్గం ఆగిపోగానే వాళ్ల పని కూడా ఆగిపోయింది, ఎందుకంటే పని మగ్గం వెంట వచ్చేది. ఇరవై ఏళ్ల చేతి నేర్పు ఉండి పత్తి ఏరడానికి కూలికి పోతున్నారు. ఇప్పుడు ఆసు మజూరీ మగ్గంతో సంబంధం లేకుండా ఉంది కాబట్టి, ఒకావిడ యంత్రం పెట్టిన ఇంటికి వచ్చి, "నాకు మగ్గం లేదు, ఆసు ఇస్తరా?" అని అడిగింది. ఆ ఏడాది చివరికి అలాంటివాళ్లు ఐదుగురు యంత్రాల మీద పని చేస్తున్నారు, ఊళ్లో బాగా బిగువుగా ఆసు పోసేది ఎవరని ఇప్పుడు అడిగితే ముందుగా ఆవిడ పేరే చెబుతారు.

కులం విషయంలో ఇంత సాఫీగా జరగలేదు, దాన్ని దాచి రాయడం సరి కాదు. కట్ల పనికి చేతులు చాలడం లేదని, నేర్చుకోవాలనే ఉత్సాహం ఉన్న ముగ్గురు దళిత యువతులను చేర్చుకుందామని ప్రతిపాదిస్తే, ఎవరూ కాదనలేదు, ఎవరూ నేర్పడానికీ ముందుకు రాలేదు. మొదటి వారం వాళ్ల ముగ్గురికీ మంచినీళ్ల గ్లాసు పిట్టగోడ మీద వేరుగా బోర్లించి ఉండేది. నేను ఉపన్యాసం ఇవ్వలేదు, ఇచ్చి ఉంటే ఆ గ్లాసు నేను వచ్చిన రోజున మాత్రమే మాయమయ్యేది. గ్లాసులన్నీ తీసేయించి, ఎవరి సీసా వాళ్లు నింపుకునేలా కొళాయి ఉన్న పెద్ద క్యాన్ ఒకటి పెట్టించాము. ఆ ముగ్గురిలో ఇద్దరు నిలబడ్డారు, ఒకరు రెండో నెలలో మానేశారు. ఆమె ఎందుకు మానేసిందో నాకు చెప్పలేదు, నేను గుచ్చి అడగలేదు. నిలబడిన ఇద్దరి కట్లు ఇప్పుడు పెద్ద డిజైన్లకు పోతున్నాయి, అయినా ఇళ్లలో యంత్రం మీద ఆసు పోయడానికి వాళ్లను ఇంకా లోపలికి పిలవలేదు.

నీళ్లు

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో నీళ్ల గురించి ఎవరికీ కొత్తగా చెప్పనవసరం లేదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం. మునుగోడు, మర్రిగూడ వైపు బోర్లు దాన్ని ఎన్నో రెట్లు దాటి, వంగిన వెన్నులు, బిగిసిన మెడలు మిగిల్చాయి. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు కొళాయిల్లోకి వచ్చాక తాగే నీటి బాధ తీరింది, కానీ రంగుల పనికి అందరూ వాడేది బోరు నీళ్లే. ఆ నీటికి ఫ్లోరైడ్‌తో పాటు కాఠిన్యం కూడా ఎక్కువ, రంగులవాడికి శత్రువు ఆ కాఠిన్యం.

ముడి పట్టు బరువులో 20 నుంచి 25 శాతం వరకు జిగురు ఉంటుంది. సబ్బు, సోడా వేసి ఉడకబెట్టి ఆ జిగురు తీశాకే రంగు పడుతుంది. కఠిన జలంలో సబ్బు నురగ రాదు సరికదా, తెట్టులా విరిగి దారానికి అంటుకుంటుంది, అంటుకున్న చోట రంగు పట్టదు. ఫలితంగా చిలప (దారపు చుట్ట) అంతా మచ్చలు, మళ్లీ ఉడకబెట్టడం, మళ్లీ రంగు, మగ్గం దగ్గర ఎదురుచూపు. ఎర్ర దారాల్లో మూడో వంతు ఈ ఒక్క కారణంతో వచ్చినవే.

భగీరథ నీళ్లు వాడదామని నేను అన్నప్పుడు ఊరంతా నన్ను వింతగా చూసింది. తాగే నీళ్ల కోసం మూడు తరాలు కొట్లాడిన ఊళ్లో ఆ నీళ్లను రంగు గోలెంలో పోయమనడం బుద్ధి తక్కువ మాటేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. మిగిలిన దారి వాన నీళ్లు. ఒక చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. జిల్లాలో ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడుతుంది కాబట్టి, రంగుల షెడ్డు, పక్కనున్న మాస్టర్ వీవర్ ఇల్లు కలిపి ఉన్న వంద చదరపు మీటర్ల కప్పు నుంచి, వృథా పోయింది పోగా, ఏడాదిలో 50 వేల లీటర్ల దాకా పట్టుకోవచ్చు. రంగుల పని మొత్తానికి అది చాలదు. అందుకని జిగురు తీయడానికి, లేత రంగులకు మాత్రమే వాన నీళ్లు, ముదురు రంగులకు, కడగడానికి బోరు నీళ్లు అని విడగొట్టాము. దానితో పాటు లేత రంగు నుంచి ముదురు రంగుకు వరుస కట్టాము. పట్టుకు వాడే ఆమ్ల రంగులు దారానికి బాగా పట్టేస్తాయి కాబట్టి, గోలెంలో మిగిలిన నీళ్లను పారబోయకుండా కొంచెం రంగు కలిపి దాని తర్వాతి ముదురు రంగుకు వాడుకోవచ్చు. రంగులు వేసే పెద్దాయన ఇది విని, "మా నాయన గిట్లనే చేస్తుండె. బోరు పడ్డంక ఇడిసిపెట్టినం" అన్నాడు. నీళ్లు చేదుకునే రోజుల్లో అందరికీ తెలిసిన పొదుపును బోరు మోటారు మరిపించిందన్నమాట.

వాడిన నీళ్లు మోరీలోకి, అక్కడి నుంచి కుంటలోకి పోయేవి. దీనికి సరైన మందు మా దగ్గర లేదు, ఉన్నంతలో చేసింది రాస్తాను. ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ 1970ల్లో రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే ఉంది. పటిక, సున్నం కలిపి మలినాన్ని అడుగుకు దించడం దాని సూత్రం. అదే పటిక, సున్నంతో రెండు తొట్ల తేర్పుడు ఏర్పాటు చేశాము. కొన్ని రంగులు బాగా దిగుతాయి. నూలుకు వాడే రియాక్టివ్ రంగులు నీళ్లలో పూర్తిగా కరిగిపోతాయి కాబట్టి దాదాపు దిగవు, పైగా ఆ రంగుల్లో మూడో వంతు వరకు దారానికి పట్టకుండా నీళ్లలోనే మిగిలిపోతుంది, వాటితో వేసే ఉప్పు ఎటూ దిగదు. అడుగున చేరిన మడ్డిని ఎండబెట్టి సంచుల్లో కట్టి పెడుతున్నారు, దాన్ని ఎక్కడికి పంపాలన్నది ఇంకా తేలలేదు. పర్యావరణానికి మేలు చేసే చీర అని లేబుల్ వేద్దామని ఒక నగరపు కొనుగోలుదారు అడిగితే, ఈ సంచులు చూపించి వద్దన్నాను. మాస్టర్ వీవర్‌కు నా మీద కొంచెం కోపం వచ్చింది.

సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆముదపు కాయల బూడిద నీళ్లు, నూనె పట్టించి దారాన్ని సిద్ధం చేసే ఆ పద్ధతి మనసుకు ఎంత హాయిగా ఉన్నా, వారాల తరబడి సాగే ఆ పనిని 26 మగ్గాల రోజువారీ చీరలకు తేవచ్చని చెప్పడం మోసమే అవుతుంది.

గుంటలోకి దిగలేని నేతగాడు

మేకులకు ఆకుపచ్చ దారం ఎక్కువగా కట్టింది ఒకే ఇంట్లో. ఆ నేతగాడికి యాభై ఏళ్లు దాటలేదు, మెడ పక్కకు తిరగదు, మోకాళ్లు పూర్తిగా వంగవు. ఫ్లోరోసిస్ అని ఎవరూ చెప్పనక్కరలేదు. గుంట మగ్గం ఎక్కాలంటే అంచున కూర్చుని కాళ్లు కిందికి దించి, నడుము ముందుకు వంచాలి. అతనికి దిగడానికే కొడుకు సాయం కావాలి, కొడుకు డిగ్రీ చదువుకు నల్లగొండకు పోయాక వారంలో సగం రోజులు మగ్గం ఖాళీగా ఉండేది. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం తీసుకున్నాడు, పింఛను వస్తోంది, ఇక పని మానేయమని అందరూ చెబుతున్నారు. అతనికి మానేయాలని లేదు.

నేల మీద నిలబెట్టే చట్రం మగ్గం ఒకటి తెప్పించి, కూర్చునే పలకను మామూలు కంటే ఎత్తుగా వేయించి, వెనక ఆనుకోవడానికి చెక్క కొట్టించాము. మెడ తిప్పకుండా డిజైను కనిపించేలా కాగితాన్ని పక్క నుంచి ఎదురుకు మార్చాము. వడ్రంగి రెండు రోజుల పని, ఖర్చు ఒక చీర మజూరీకి మించలేదు. అతను ఇప్పుడు మిగతావాళ్లంత వేగంగా నేయడం లేదు, ఎప్పటికీ నేయలేకపోవచ్చు. కానీ కష్టమైన మార్కింగ్‌లు అన్నీ అతని దగ్గరికే వస్తాయి, మార్కింగ్ తప్పిన చీరలు తగ్గడంలో అతని చేయి ఎంత ఉందో మాస్టర్ వీవర్ నాకంటే ముందు గుర్తించారు. ఆ ఎత్తు పలకను చూసి, నడుము నొప్పి ఉన్న మరో ఇద్దరు కూడా తమకూ అలాంటిదే కావాలన్నారు.

రెండేళ్ల తర్వాత లెక్క

2024 మధ్యలో మళ్లీ ఆరు వారాల దారాలు విప్పి చూశాము. ఎరుపు మొదటి కుప్పలో మూడో వంతుకు వచ్చింది. నీలం అలాగే ఉంది. పెళ్లిళ్లు ఆగవు, ఆగాలని నేను కోరుకోను. నెలకు దిగే చీరలు పెరిగాయి, ఆసు మజూరీ అదనపు ఖర్చు పోను మాస్టర్ వీవర్‌కు మిగిలింది కూడా. ఆరు నెలలకని ఒప్పుకున్న మజూరీని ఆయన ఆ తర్వాత ఎత్తేయలేదు, అయితే పెంచనూ లేదు. ఇందులో ఎంత భాగం మజూరీ వల్ల, ఎంత యంత్రం వల్ల, ఎంత నీళ్ల వల్ల అని ఎవరైనా అడిగితే నేను విడదీసి చెప్పలేను, ఎందుకంటే మూడింటినీ ఒకే ఏడాదిలో మార్చాము, పోల్చి చూడటానికి మార్చని మగ్గాలను పక్కన ఉంచలేదు. పరిశోధకుడిగా అది లోపమే. ఆ ప్రాంతపు మనిషిగా, సగం ఇళ్లను పోలిక కోసం చేతి ఆసుతోనే వదిలేయమని చెప్పే ధైర్యం నాకు లేదు.

కొన్ని చోట్ల ఓడిపోయాము. నూలు రంగుల నీళ్లు ఇంకా రంగుగానే పోతున్నాయి. ఆడవాళ్ల చేతికి వచ్చిన ఆసు డబ్బు ఎన్ని ఇళ్లలో వాళ్ల చేతిలోనే ఉంటోందో నేను చెప్పలేను. కొన్ని ఇళ్లలో ఉండటం లేదని తెలుసు. మార్కెట్ మన చేతిలో లేదు. ఇక్కత్ పూలను అచ్చు వేసిన మిల్లు చీర సగం ధర కంటే తక్కువకు పక్క దుకాణంలోనే దొరుకుతుంది. ఉత్పత్తి పెంచి పెట్టిన నేను ఆ పెరిగిన చీరలు ఎక్కడ అమ్ముడవుతాయో ముందే చూసుకోవలసింది.

కిందటి సారి వెళ్లినప్పుడు, రెండేళ్ల కింద ఎడమ చేత్తో ఆసు పోసిన ఆవిడ ఇంటికి వెళ్లాను. వాడకట్టు యంత్రం ఇప్పుడు వాళ్ల ఇంట్లోనే ఉంది. మేము మేకులు కొట్టింది మగ్గాల పక్కనే, యంత్రాల పక్కన కాదు. కానీ ఆమె యంత్రం పైన గోడకు ఒక మేకు కొట్టుకుంది, దానికి తెల్ల దారం ముక్కలు ఏడో ఎనిమిదో కట్టి ఉన్నాయి. తెలుపుకు మేము ఏ కారణమూ ఇవ్వలేదు. అదేమిటని అడిగితే, "పట్టు ఇయ్యక నేను కాళీగున్న దినాలు సార్. సేటుకు చూపెట్టుర్రి" అంది.